గుండాట ఫైను, ఓటరు కార్డు: ఒక పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన తేల్చిన తీరు

పేరు, ఊరు, కచ్చితమైన తేదీలు, కుటుంబ వివరాలు ఇందులో కావాలనే వదిలేశాం. చట్టం, కాగితాలు, ఒక్కో చోట ఎందుకు ఏ దారి పట్టామన్నదీ ఉన్నదున్నట్టు రాశాం. శరణార్థుల ఫైళ్లు చూసే జూనియర్ న్యాయవాదులకు ఇది అక్కరకొస్తుంది.

నేపథ్యం

దరఖాస్తుదారుడు నలభై దాటిన స్వర్ణకారుడు. బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో పుట్టిన హిందువు. పాస్‌పోర్టు, వీసా లేకుండా పశ్చిమ బెంగాల్ మీదుగా వచ్చి, తెలిసినవాళ్ల వెంట గోదావరి డెల్టాలోని ఒక పట్టణం చేరాడు. అదంతా 2014కు చాలా ముందు మాట. మన వైపు బంగారు కొట్ల వీధుల్లో మేడ మీద గదుల్లో పనిచేసే బెంగాలీలు కొత్తేమీ కాదు. వాళ్లలో ఎక్కువమంది మిడ్నపూర్, హుగ్లీ ప్రాంతాల నుంచి వచ్చిన భారత పౌరులే. ఇతనూ వాళ్లలో ఒకడిగా కలిసిపోయాడు. ఇంటివాళ్లు గానీ షాపువాళ్లు గానీ ఏ దేశమని ఎప్పుడూ అడగలేదు.

పౌరసత్వ సవరణ చట్టం 2019లో వచ్చింది, నిబంధనలు మాత్రం 2024 మార్చి 11న వెలువడ్డాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకే ఈ దారి. శ్రీలంక తమిళులకూ రోహింగ్యాలకూ ఇది వర్తించదు. వాళ్ల ఫైలుకు ఈ కేసు నమూనా కాదు. ఈ దారిలో నివాస కాలం పదకొండేళ్లకు బదులు ఐదేళ్లు చాలు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వెళుతుంది. ఒరిజినల్స్‌ను పోస్టల్ సూపరింటెండెంట్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీ చూస్తుంది, ప్రమాణం కూడా అక్కడే చేయిస్తారు. రాష్ట్ర జనగణన డైరెక్టర్ నేతృత్వంలోని ఎంపవర్డ్ కమిటీ తుది నిర్ణయం తీసుకుంటుంది.

సత్ప్రవర్తన ఉండాలన్న షరతు పౌరసత్వ చట్టం మూడో షెడ్యూల్‌లో ఉంది. ఒక్క ముక్కలో ఉంది, నిర్వచనం లేదు. బ్రిటన్‌లో ఇదే షరతుకు పేజీలకొద్దీ మార్గదర్శకాలున్నాయి. ఎంత శిక్ష పడితే ఏమవుతుంది, పన్ను ఎగ్గొడితే ఏమవుతుంది అన్నీ రాసుకున్నారు. 2025 ఫిబ్రవరి 10 నుంచి, అక్రమంగా దేశంలోకి వచ్చినవాళ్ల దరఖాస్తును మామూలుగా తిరస్కరిస్తామని కూడా అందులో చేర్చారు. మన దగ్గర, 2019 సవరణ తెచ్చిన సెక్షన్ 6బి దారిలో లెక్క వేరు. అక్రమ వలస గురించి కేసు పెండింగ్‌లో ఉన్నా దరఖాస్తుకు అనర్హత కాదు, పౌరసత్వం వచ్చిన రోజున ఆ కేసు దానంతటదే రద్దవుతుంది. అంటే సరిహద్దు ఎలా దాటాడన్నది ఇక్కడ నడతకు సంబంధించిన ప్రశ్న కాదు. దాటాక ఎలా బతికాడన్నదే ప్రశ్న. కమిటీ చేతిలో ఉన్న కొలబద్ద మాత్రం చాలా వెడల్పైనది: దరఖాస్తుదారుడు యోగ్యుడు, తగినవాడు అని విచారణలో తృప్తి చెందాలి, అంతే.

సమస్య

అతను ఒక నెట్ సెంటర్‌లో నింపించిన డ్రాఫ్టుతో వచ్చాడు. మతం గురించి స్థానికంగా పేరున్న సామాజిక సంస్థ ఇవ్వాల్సిన ధ్రువపత్రం, బంగ్లాదేశ్ స్కూలు సర్టిఫికెట్, ఇక్కడి బ్యాంకు పాస్‌బుక్కు, ఎల్‌ఐసీ పాలసీ, అద్దె ఒప్పందం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. తేడా రెండు చోట్ల కనిపించింది.

మొదటిది, నేరాల గురించి అడిగిన చోట 'లేదు' అని రాసి ఉంది. ఎప్పుడైనా స్టేషన్‌కి గానీ కోర్టుకి గానీ వెళ్లావా అని అడిగితే, ఓ సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర గుండాట (డబ్బు పెట్టి ఆడే జూదం) బోర్డు చుట్టూ ఉన్నవాళ్లందరినీ పోలీసులు పట్టుకెళ్లారని, తర్వాత కోర్టులో ఫైను కట్టానని చెప్పాడు. 'ఫైను కట్టేశానండి, అక్కడితో అయిపోయింది' అన్నాడు. డెల్టాలో భోగి, సంక్రాంతి, కనుమల్లో ఇలా పట్టుబడినవాళ్లను ఎవరిని కదిపినా ఇదే మాట. చట్టం అలా అనుకోదు. నేరం ఒప్పుకొని ఫైను కడితే అది శిక్ష పడ్డట్టే. ట్రాఫిక్ చలానా కట్టినట్టు కాదు. రాజీ కుదిరి కొట్టేసిన కేసుకు నిర్దోషిగా విడుదలైన ఫలితం ఉంటుంది. గేమింగ్ చట్టం సెక్షన్ 9 కింద ఒప్పుకున్న కేసుకు అది ఉండదు. కాబట్టి 'లేదు' అన్న జవాబు తప్పు.

రెండోది, నివాసానికి రుజువుగా ఓటరు కార్డు జతచేసి ఉంది. ఏదో ఎన్నికల ముందు వీధిలో పార్టీ కార్యకర్త ఓటరుగా నమోదుకు ఫారం-6 నింపించి సంతకం పెట్టించుకున్నాడు. ఫారం-6లో భారత పౌరుణ్ని అని ప్రకటించాలి. అతను ఓటు కూడా వేశాడు. ఆ కార్డు అతను ఇక్కడ ఉన్నాడని చెబుతుంది, పౌరుడు కాకుండా పౌరుణ్నని చెప్పాడనీ అదే నోటితో చెబుతుంది.

ఆధార్ గురించి చాలామంది ఇలాగే కంగారు పడతారు. ఆధార్ నివాసికి ఇచ్చేది, అది పౌరసత్వానికి రుజువు కాదని దాని చట్టంలోనే రాసి ఉంది. దాంతో ఏ పేచీ లేదు.

మొదట ప్రయత్నించినవి, ఎందుకు వదిలేశాం

ఫైను సంగతి రాయకుండా ఊరుకుంటే సరిపోదా అన్నది అతని మొదటి ప్రశ్న. ఫైను చిన్నదే, దాచడం మాత్రం చిన్నది కాదు. తెలిసి తప్పుడు వివరం ఇస్తే పౌరసత్వ చట్టం సెక్షన్ 17 కింద ఐదేళ్ల వరకు జైలు లేదా యాభై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదొక్కటే కాదు. ముఖ్యమైన విషయం దాచి తెచ్చుకున్న పౌరసత్వాన్ని సెక్షన్ 10 కింద తర్వాత ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. ఈ దారిలో పౌరసత్వం దేశంలోకి వచ్చిన తేదీ నుంచే వచ్చినట్టు లెక్క. పిల్లల హక్కులు, రేపు కొనుక్కోబోయే స్థలం అన్నీ దాని మీదే నిలబడతాయి. పదేళ్ల తర్వాత ఎవరో ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే అదంతా కదిలిపోతుంది. ఈ మాట వివరంగా చెప్పాక అతను మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు.

తర్వాత, పోలీసు రికార్డు ఏం చెబుతోందో చూశాం. ఆధార్‌లో ఉన్న పేరుతో వెతికితే ఏ కేసూ తగల్లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు స్టేషన్ రైటర్ చెవికి వినపడ్డట్టు తెలుగులో రాస్తారు. బెంగాలీ ఇంటిపేరు పోయి, తండ్రి పేరు మరోలా మారి, వయసు అంచనాగా పడుతుంది. కేసు లేదని కంప్యూటర్ చెప్పినంత మాత్రాన కేసు లేనట్టు కాదు, ఆ స్పెల్లింగుతో లేదని మాత్రమే. ఆ కాగితం తెచ్చి ఫైల్లో పెట్టుకోవడం ఎంతో సులువు. పెట్టలేదు. అసలు సంగతి తెలిసిన తర్వాత అలాంటి కాగితం పెట్టడం కూడా దాచడమే అవుతుంది. పైగా ఎంపవర్డ్ కమిటీలో సబ్సిడియరీ ఇంటెలిజెన్స్ బ్యూరో (కేంద్ర నిఘా సంస్థ రాష్ట్ర విభాగం) అధికారి ఉంటాడు. వాళ్ల విచారణ కంప్యూటర్‌తో ఆగదు, వీధిలో అడుగుతారు. సంక్రాంతికి ఎవరెవరిని వ్యాన్ ఎక్కించారో వీధికి గుర్తుంటుంది.

శిక్ష మీద అప్పీలుకు వెళ్లి కొట్టేయించవచ్చా అని కూడా చూశాం. నేరం ఒప్పుకున్న కేసులో శిక్ష ఎంత, అది చట్టబద్ధమేనా అన్న వరకే అప్పీలు. చిన్న ఫైనుల మీద అసలు అప్పీలే లేదు. గడువు ఎప్పుడో దాటింది. ఎలాగోలా తిరగదోడినా, పౌరసత్వం కోసం పాత శిక్షను చెరిపే ప్రయత్నంలా కనిపిస్తుంది. లాభం కంటే అనుమానమే ఎక్కువ. వదిలేశాం.

నడత గురించిన అఫిడవిట్టు కూడా మొదటిసారి చెడింది. ఈ దారిలో ఒక భారత పౌరుడి అఫిడవిట్టు చాలు, మామూలు నేచురలైజేషన్ (నివాసం ఆధారంగా పౌరసత్వం) దరఖాస్తుకైతే ఇద్దరివి కావాలి. అతను ఒకటికి మూడు పట్టుకొచ్చాడు. ఒకటి వార్డు నాయకుడిది, ఒకటి వర్తక సంఘం పెద్దది, ఒకటి ఇంటి ఓనరుది. మూడింటిలో మాట ఒకటే: 'ఇతను సత్ప్రవర్తన గలవాడు, క్రమశిక్షణ గలవాడు, ఎటువంటి నేరచరిత్ర లేదు.' ఒకే టైపిస్టు దగ్గర కొట్టించారని అక్షరాలే చెబుతున్నాయి. 'నేరచరిత్ర లేదు' అన్న వాక్యం అబద్ధం కూడా. ముగ్గురూ తెలియక ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టయింది. అవి వాడితే దరఖాస్తుదారుడితో పాటు సాక్షులూ మునిగేవాళ్లు. మూడూ పక్కన పెట్టాం.

పనిచేసినవి

గుండాట కేసు కాగితం కోసం పేరు వదిలేసి, వెనక నుంచి వెతికాం. ఏ సంక్రాంతి, ఏ ఊరి బరి, ఏ స్టేషన్ పరిధి అన్నవి అతనికి గుర్తున్నాయి. పండగ మూడు రోజుల్లో ఆ స్టేషన్‌లో నమోదైన గేమింగ్ కేసుల నంబర్లు తీసుకొని, ఒక్కో దానిలో నిందితుల జాబితా చూస్తే, పదిమందికి పైగా ఉన్న ఒక కేసులో చివరి వరసల్లో దొరికాడు. పేరు సగమే కలిసింది, చిరునామాగా బంగారు కొట్ల వీధి అని ఉంది. కోర్టులో అది ఎస్.టి.సి. (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరుగా మారింది. క్రైమ్ నంబరుతో కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చాం. చిన్న కేసుల రికార్డులు కోర్టుల్లో ఎల్లకాలం ఉంచరు, గడువు తీరాక నాశనం చేస్తారు. కాబట్టి ఈ పని దరఖాస్తు కంటే ముందే మొదలుపెట్టాలి. రికార్డు పోయిందని తేలితే, ఆ సంగతి కోర్టు ఎండార్స్‌మెంటుగా రాసిచ్చేలా చూసుకోవాలి.

పేరు తేడాకు ఇద్దరూ ఒకరే అని అతనితోనే ప్రత్యేకంగా అఫిడవిట్టు ఇప్పించాం. చూడ్డానికి మన కేసును మనమే బిగించుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ లంకె మనం వేయకుండా కాపీ ఒక్కటే పెడితే, అది ఎవరి కేసో తేలని కాగితం అవుతుంది.

ఓటరు కార్డు విషయంలో ఎక్కువ తర్జనభర్జన జరిగింది. చెప్పకుండా వదిలేస్తే తెలియదా అంటే, ఓటరు జాబితా బూతుల వారీగా అందరికీ అందుబాటులో ఉంటుంది. జిల్లా కమిటీలో కలెక్టరేట్ తరఫున రెవెన్యూ అధికారి కూర్చుంటాడు. మన రాష్ట్రంలో ఓటరు జాబితా పని చేసేది ఆ రెవెన్యూ సిబ్బందే. ఆ గదిలో ఒక్క నిమిషంలో తేలే సంగతి ఇది.

చెబితే ప్రమాదం ఏమిటి? ఫారం-6లో తప్పుడు ప్రకటనకు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు పడవచ్చు. ఏడాదికి మించని శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి గడువు కూడా ఏడాదే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 468లో ఉన్నదే ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 514లో ఉంది. అతను సంతకం పెట్టి చాలా ఏళ్లయింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది, వేరే సెక్షన్లు తగిలించే వీలు పూర్తిగా లేదనీ అనలేం. అంచేత ప్రమాదం తక్కువని చెప్పాం, లేదని చెప్పలేదు. ఇది రాతపూర్వకంగా చెప్పి, చదివించి, అతని సంతకం తీసుకున్న తర్వాతే ముందుకెళ్లాం. పౌరసత్వం వచ్చిన తేదీ వెనక్కి వెళ్లి రాక తేదీకి చేరుతుంది గనక అప్పటి ఓటు కూడా పౌరుడి ఓటే అవుతుందన్న వాదన ఒకటుంది. వాదనకు బాగుంటుంది. పౌరసత్వం చేతికి రాకముందే దాని మీద కూర్చోవడం తెలివి కాదు.

ముందు పేరు తీయించాలని నిర్ణయించాం. ఓటరు జాబితా నుంచి పేరు తొలగించమని కోరే ఫారం-7 పెట్టేటప్పుడు బూత్ లెవెల్ ఆఫీసర్ ఒక మంచి సలహా అనుకొని ఒకటి చెప్పాడు: కారణం గడిలో 'చిరునామా మారింది' అని టిక్ పెట్టేస్తే ఏ ప్రశ్నా రాదని. నిజమే, రాదు. కానీ పాత తప్పు ప్రకటనను సరిదిద్దడానికి కొత్త తప్పు ప్రకటన చేసినట్టవుతుంది, అదీ దరఖాస్తు పెట్టబోయే నెలలో. 'భారత పౌరుడు కాదు' అన్న గడికే టిక్ పెట్టించాం. పేరు తొలగించిన ఉత్తర్వు కాపీ తీసుకున్నాం. ఆ తర్వాతే దరఖాస్తు సబ్మిట్ చేశాం. ఎవరూ అడగకముందే పేరు తీయించుకున్నాడని తేదీలే చెప్పేలా ఈ వరస పాటించాం. దరఖాస్తు వెళ్లాక తీయించి ఉంటే అదే ఉత్తర్వుకు సగం విలువ కూడా ఉండేది కాదు.

అఫిడవిట్టు ఎవరు ఇవ్వాలన్నది కూడా ఆలోచించాం. నాయకుడు వద్దనుకున్నాం. అతనికి తరచూ బంగారం అప్పగించే షాపు యజమానిని అడిగాం. స్వర్ణకారుడి నడత ఎక్కడ తెలుస్తుంది? తూకంలో తెలుస్తుంది. షాపు పుస్తకంలో ఒక వరస ఇలా ఉంది: ఇచ్చిన బంగారం 40.000 గ్రాములు, తయారైన హారం 36.850, తిరిగిచ్చిన ముక్కలు 2.350, తరుగు 0.800. కూడితే మళ్లీ నలభై. తరుగు నూటికి రెండు, ముందు ఒప్పుకున్నదే. ఏళ్ల తరబడి ఇలాంటి వరసలే. నూటికి రెండు దాటిన చోట్ల పక్కనే ఎందుకో రాసి, మజూరీలో తగ్గించుకున్నారు. 'నిజాయితీపరుడు' అని ప్రమాణం చేసి చెప్పిన పది అఫిడవిట్ల కంటే ఇది బలమైనది.

యజమాని మొదట వెనకాడాడు. అది కచ్చా పుస్తకం, దాన్ని ప్రభుత్వ ఫైల్లో పెడితే పన్ను వాళ్లు వస్తారన్న భయం. భయం అర్థం లేనిదేమీ కాదు. అందుకని పుస్తకం జోలికి పోకుండా, 2017 జులైలో జీఎస్టీ వచ్చాక జాబ్ వర్క్‌కి సరుకు పంపేటప్పుడు రాసిన డెలివరీ చలాన్లను వాడాం. అవి పక్కా కాగితాలు. వాటి ఆధారంగా ఎంత కాలంగా, సుమారు ఎంత బంగారం అప్పగించారు, ఎప్పుడైనా తేడా వచ్చిందా అన్నవి అఫిడవిట్టులో వచ్చాయి.

అందులో ఇంకో పేరా పట్టుబట్టి రాయించాం: 'ఇతనికి గేమింగ్ కేసులో ఫైను పడిన సంగతి, పౌరుడు కాకుండా ఓటరు జాబితాలో పేరు ఉండిన సంగతి నాకు తెలుసు. అవి తెలిసే ఈ ప్రమాణం చేస్తున్నాను.' సాక్షికి తెలియని తప్పు ఫైల్లో ఉంటే, తెలియకుండా ఇచ్చిన సర్టిఫికెట్టని ఒక్క ప్రశ్నతో ఆ అఫిడవిట్టు పడిపోతుంది.

వీటన్నిటికీ ముందు రెండు పేజీల వివరణ పత్రం పెట్టాం. తేదీ, సెక్షన్, కోర్టు, ఫైను, కాపీ ఏ పేజీలో ఉంది, ఫారం-6 ఎప్పుడు, ఫారం-7 ఎప్పుడు, అంతే. 'పండగ కదా, అందరూ ఆడతారు' లాంటి సమర్థనలు డ్రాఫ్టులో వస్తే కొట్టేశాం. పశ్చాత్తాపం గురించి ఒక వాక్యం ఉంచాం, రెండో వాక్యం తీసేశాం. అధికారి చదివేది పత్రం, కన్నీళ్లు కాదు.

జిల్లా కమిటీ ముందు హాజరు

పిలిచినప్పుడు స్వయంగా వెళ్లకపోతే తిరస్కరణకు సిఫార్సు వెళుతుంది కాబట్టి తేదీ తప్పనివ్వకూడదు. భాష విషయం సులువుగా తేలింది. ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో ఒకటి వస్తే చాలు, ఇతనికి బెంగాలీ, తెలుగు రెండూ వచ్చు. ఇంటర్వ్యూకు జవాబులు బట్టీ పట్టించలేదు. సంఘటనల వరస ఒక్కటే రెండుసార్లు చెప్పించి చూశాం. బట్టీ పట్టినవాడు ప్రశ్న కాస్త పక్కకి జరిగితే తడబడతాడు, ఆ తడబాటు అబద్ధంలా వినిపిస్తుంది. ఫైను గురించి అడిగారు, ఓటు గురించి అడిగారు, ఫారం-7 ఉత్తర్వు ఒరిజినల్ చూశారు. ప్రమాణం చేయించి ఫైలు పైకి పంపారు.

ఎంపవర్డ్ కమిటీ నుంచి ఒక వివరణ అడుగుతూ లేఖ వచ్చింది: ఆ ఫైను తర్వాత వేరే స్టేషన్ పరిధిలో ఏమైనా కేసులున్నాయా? అన్ని స్పెల్లింగులతో, అతను ఉన్న ప్రతి స్టేషన్ పరిధిలో వెతికించి, ఎక్కడెక్కడ ఏ పేర్లతో వెతికామో జాబితా జతచేసి జవాబిచ్చాం. సర్టిఫికెట్ మంజూరైంది.

మిగతా ఫైళ్లకు పనికొచ్చేవి

ఈ కేసులో నేరం చిన్నది, కేసు ముగిసింది, మధ్యలో చాలా ఏళ్లు గడిచాయి. ఈ మూడూ లేని ఫైలుకు ఇదే పద్ధతి గుడ్డిగా పెట్టకూడదు. మోసం, దాడి, కుటుంబ హింస లాంటి కేసు ఇంకా నడుస్తుంటే, దరఖాస్తు పెట్టి వివరణ ఇవ్వడం కంటే కేసు తేలేదాకా ఆగడం మేలు. పెండింగ్ కేసు అనర్హత కాదన్న రక్షణ అక్రమ వలస, పౌరసత్వం కేసులకే ఉంది, మిగతా వాటికి లేదు. క్లయింట్లు ఈ రెండూ కలిపేసుకుంటారు, కొందరు ఏజెంట్లు కావాలనే కలుపుతారు.

మొదటి భేటీలో 'నీ మీద కేసులున్నాయా' అని అడిగితే లేవనే అంటారు, నిజంగా లేవనుకొనే అంటారు. ప్రశ్నను విడగొట్టాలి: ఎప్పుడైనా వ్యాన్ ఎక్కించారా, స్టేషన్‌లో ఫోటో గానీ వేలిముద్ర గానీ తీశారా, కోర్టు మెట్లెక్కి డబ్బు కట్టావా, లోక్ అదాలత్‌లో సంతకం పెట్టావా. బరి, పేకాట, మద్యం సీసా, ఇసుక ట్రాక్టరు అని పేరు పెట్టి అడగాలి. డెల్టాకు పని కోసం వచ్చిన మగవాళ్ల ఫైళ్లలో చిన్న కేసులు ఎక్కువగా ఈ నాలుగింటి దగ్గరే తగులుతాయి.

భార్యాభర్తల ఫైళ్లు ఒకేసారి పెట్టేటప్పుడు ఒకరి కాగితంలో చెప్పింది రెండోవారి కాగితంతో సరిపోవాలి. ఈ ఇంట్లో భార్య పేరు కూడా అదే ఫారం-6 విడతలో జాబితాకెక్కింది. ఆమె ఎన్నడూ ఓటు వేయలేదు గనక తన కాగితాల్లో అది రాయనక్కర్లేదనుకుంది. ఆమె పేరూ ఫారం-7తో తీయించి, ఆమె వివరణ పత్రంలోనూ అదే తేదీలు వేశాక ఆమె దరఖాస్తు సబ్మిట్ చేశాం.